కర్ర పట్టిన వంశం

శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకి, వైద్య కళాశాల ఎదురుగా ఉన్న టీ కొట్టులో, దర్జీ తన గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, బల్ల తడిగా ఉందేమో చేత్తో తడిమి చూసి, కాగితాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అరగంటలో అలా చెయ్యడం అది మూడోసారి.

కాగితం అతని అక్కది. లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఆవిడ, తను పోయాక తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకి ఇచ్చెయ్యాలని ఫారం నింపి సంతకం పెట్టింది. కుటుంబ సభ్యుడి సంతకం, సాక్షి సంతకం అనే గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి. సోమవారం ఆవిడకి ఆపరేషన్. ఆఫీసు ఐదింటికి మూసేస్తారు, శని ఆదివారాలు తెరవరు. "నేను ఆపరేషన్ బల్ల ఎక్కేలోగా ఇది అక్కడ చేరకపోతే, బతికొచ్చినా సరే, నీతో మాట్లాడను" అని చెప్పి తమ్ముణ్ని పంపింది.

అతనికి తెలియాల్సింది ఒక్కటే. లోపల మనుషుల్ని ఎలా చూస్తారు?

ఆ మాట అడగడానికి అతనికి దొరికిన మనిషి ఎముకల బాబాయ్. శవాల్ని కోసి చదువుకునే అనాటమీ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. రోజూ నాలుగింటికి వస్తాడు. చేతిలో సన్నటి కర్ర ఉంటుంది, నడవడానికి కాదు, చూపించడానికి.

"సరైన మనిషినే అడిగావు," అన్నాడు బాబాయ్. "ముందు ఒక చిన్న సంగతి చెప్తాను. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఈ అక్కని అడుగు."

టీ కొట్టు అక్క పాలు పొంగకుండా చూసుకుంటోంది. తల ఎత్తలేదు.

"పరీక్షలు జరుగుతున్నాయి. బయటినుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు మెడ దగ్గర ఒక నరం వెతుకుతున్నాడు. పావుగంటైంది, దొరకదు. మనిషికి చెమటలు, స్టూడెంట్లకి వణుకు. నేను వెనకనుంచి వెళ్లి ఈ కర్ర, ఇది కాదులే, దీని అన్న, దాని కొసతో ఒక్క చోట ఇలా తాకించాను. అంతే! ఆయన కళ్లజోడు తీసి నాకు నమస్కారం పెట్టాడు."

"కళ్లజోడు ఎందుకు తియ్యడం?" అంది అక్క.

"కళ్లు తుడుచుకోడానికి. నువ్వు పాలు చూసుకో. ఇది నాకెలా వచ్చిందంటావా బాబూ, రక్తంలోనే ఉంది. మాది కర్ర పట్టిన వంశం. ఆరేడు వందల ఏళ్ల కింద శవాన్ని కోసి పాఠం చెప్పడమంటే ఎలా ఉండేదో తెలుసా? ప్రొఫెసరు ఎత్తైన కుర్చీలో కూర్చుని పాత పుస్తకం చదివేవాడు, శవాన్ని ముట్టుకునేవాడు కాదు. కింద క్షవరం చేసేవాడు కత్తి పట్టుకుని కోసేవాడు, వాడికి చదువు రాదు. ఇద్దరికీ మధ్య మూడోవాడు ఒకడు, పైన ఏది చదివితే కింద దాన్ని కర్రతో చూపించేవాడు. ఆ మూడోవాడు మా వంశానికి మూలపురుషుడు, తాతలందరికీ తాత. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి ఉన్నాడే, ఆయన అంతకు వెయ్యేళ్ల ముందువాడు, కోతుల్నీ పందుల్నీ కోసి మనిషి గురించి రాసేశాడు! కాలేయానికి ఐదు రేకులని రాశాడు. పైన 'ఐదు' అని చదివారు. మా తాత కర్ర పట్టుకుని చూస్తే రెండే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు దర్జీ.

"ప్రొఫెసరు కిందికి తొంగిచూసి, 'శవం తప్పుగా ఉంది, ఇంకోటి తీసుకురండి' అన్నాడు. తెచ్చారు. రెండే. ఇంకోటి తెచ్చారు. రెండే. అలా పద్నాలుగు శవాలు తప్పని తేలాయి. పదిహేనోదానికి మా తాతకి ఒళ్లు మండి కర్ర పైకెత్తి పుస్తకం మీద పెట్టాడు. 'తప్పు ఇక్కడుంది' అన్నాడు. హాలంతా నిశ్శబ్దం! అప్పట్లో హాలంటే బావిలా గుండ్రంగా, ఆరు వరసలు, చలికాలంలోనే పాఠం, ఎండల్లో శవం ఆగదు కదా, టిక్కెట్టు కొనుక్కుని జనం, పక్కన పిల్లనగ్రోవి వాయించేవాళ్లు. ఆ రోజునుంచి ప్రొఫెసరుని చూసేవాడు లేడు, అందరి కళ్లూ కర్ర మీదే. రాజుగారు కబురంపారు. కడుపునొప్పి. మా తాత పట్టుబట్టల మీదనుంచే కర్రతో ఒక చోట చూపించాడు. చూపించగానే లోపలి రాయికి సిగ్గేసి కరిగిపోయింది."

"రాయికి సిగ్గా?"

"దొరికిపోయింది కదమ్మా మరి!"

ఈ సమయానికి ఒకావిడ ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి, బాబాయ్ వీపు వెనక నిలబడింది. ఎదురుగా ఉన్న శవాల హాలులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆయా. అక్క ఫ్లాస్కు అందుకుంది. ఆయా వింటోంది.

"ఇక మా ముత్తాత సంగతి. ఆయన కాలానికి శవాలకి కరువొచ్చింది. పూడ్చినవాళ్లని తవ్వి తీసుకెళ్లి వైద్య బళ్లకి అమ్మేవాళ్లు. జనం సమాధుల చుట్టూ ఇనప బోనులు పెట్టుకున్నారు, ఇది నిజం, ఎవర్నైనా అడుగు. మా ముత్తాత, దొంగల్ని పట్టుకుంటానని, గోతిలో తనే పడుకున్నాడు. పడుకున్నవాడు నిద్రపోయాడు. వాళ్లు తవ్వి, మూటగట్టి, తీసుకెళ్లి బల్ల మీద పడేశారు. ప్రొఫెసరు కత్తి ఎత్తి, 'పిత్తాశయం ఇక్కడుంటుంది' అని ఎక్కడో పెట్టాడు. మా ముత్తాతకి తప్పు వింటే పడదు. లేచి కూర్చుని, 'అయ్యా, నాలుగు వేళ్లు కిందికి' అన్నాడు. ప్రొఫెసరు ఏమన్నాడో తెలుసా? 'నువ్వు శవానివి, పాఠం మధ్యలో మాట్లాడకూడదు' అన్నాడు! ఈయన ఊరుకుంటాడా? కర్ర అడిగి తీసుకుని, తన ఒంటి మీదే మిగతా పాఠమంతా చెప్పి, సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచేశాడు."

అక్క నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దర్జీ నవ్వలేదు. "అది పాతకాలం బాబాయ్ గారూ. మీ కాలంలో? ఇప్పుడు, లోపల?"

"నా కాలమా! మనిషికి ఎముకలు రెండు వందల ఆరని చదువుకున్నావు కదా? రెండు వందల ఏడోది నేను కనిపెట్టాను."

"ఎక్కడుంది?" అంది అక్క.

"చెప్తే అందరూ తడుముకుంటూ కూర్చుంటారు, నీ టీ ఎవరు తాగుతారు? నేను హాలులో అడుగు పెడితే ఇరవై టేబుళ్ల మీదా మనుషులు మర్యాదకి కాళ్లు ముడుచుకునేవాళ్లు. ఒకరోజు ఏం జరిగిందంటావా, స్టూడెంట్లు చేతులన్నీ కలిపేశారు. ఇరవై మందివి, నలభై చేతులు, ఒకే గంపలో! ఎవరిది ఏదో ఎవరికీ తెలీదు. ప్రొఫెసరు తల పట్టుకున్నాడు. నన్ను పిలిచారు. నేను కళ్లకి గంతలు కట్టించుకుని, ఒక్కొక్క చేతితో కరచాలనం చేసి, 'ఇది నాలుగో టేబుల్, ఇది పదకొండు, ఈయన జీవితంలో చాలా మొహమాటస్తుడు' అని చెప్పుకుంటూ పోయాను. ముప్పై తొమ్మిది సరిపోయాయి. ఒకటి మాత్రం..."

దర్జీ లేచాడు. "నలభై చేతులు ఒకే గంపలోనా?"

"అందుకే నాలాంటివాడు ఉండాలి అంటున్నా."

"మా అక్క చేత్తో రాసిన అంకెలు చూస్తే అచ్చు వేసినట్టుంటాయి," అన్నాడు దర్జీ. "ఆ చెయ్యి తీసుకెళ్లి గంపలో..." ఫారం ఉన్న జేబు మీద అరచెయ్యి వేసుకుని రోడ్డు వైపు తిరిగాడు. ఆఫీసు వైపు కాదు, బస్సు ఆగే వైపు.

"ఒక్క నిమిషం ఆగన్నా," అంది ఆయా. బాబాయ్ ముందుకొచ్చి నిలబడింది. "బాబాయ్, నీ కాలేయం ఎక్కడుందో ఒక్కసారి కర్రతో చూపించు."

"ఇంత చిన్న పరీక్షా!" బాబాయ్ వెన్ను నిటారుగా పెట్టి, కర్ర కొసని తన ఎడమ పక్కటెముకల కింద ఆనించాడు. "ఇదిగో. రెండే రేకులు."

"అది కుడి పక్కనుంటుంది."

కర్ర కదల్లేదు.

"గోడకి చార్టు వేలాడదీసి దానికి ఎదురుగా నిలబడి చూస్తే, కాలేయం మన ఎడమ చేతి వైపు కనిపిస్తుంది," అంది ఆయా. గొంతులో కోపం లేదు. "చార్టు చూసి నేర్చుకున్నవాళ్లు చేసే తప్పు అది. హాలులో ఒక్క వారం నిలబడ్డవాడెవడూ చెయ్యడు. అక్కడ కుడి అంటే బల్ల మీది మనిషి కుడే, మనది కాదు. చేరిన రోజే అది నేర్పుతారు. బాబాయ్ చార్టులు వేలాడదీసేవాడు. పైన లెక్చరు గదిలో. హాలు సామాన్లొస్తే గడప బయట పెట్టి గంట కొట్టేవాడు. ఇన్నేళ్లలో గడప దాటగా నేను చూళ్లేదు. మొదటి రోజు తలుపు సందులోంచి చూసి కళ్లు తిరిగి పడిపోయాడని నాకు ముందు పనిచేసిన ఆయా చెప్పింది."

టీ కొట్టులో పాలు పొంగాయి. అక్క చూసుకోలేదు.

"మేమూ అంతే," అన్నాడు దర్జీ నెమ్మదిగా. "ఎదురుగా నిలబడి కొలత తీసినా కుడి భుజం అంటే తొడుక్కునే ఆయనదే." ఆయా వైపు తిరిగాడు. "మరి గంప?"

"గంపా లేదు, గుంపూ లేదన్నా. ప్రతి టేబుల్ కింద మూత ఉన్న డబ్బా ఒకటుంటుంది, టేబుల్ నంబరే దాని నంబరు. ఆ మనిషి నుంచి చిన్న కొవ్వు ముక్క తీసినా అందులోకే వెళ్లాలి. వేరే డబ్బాలో పడిందంటే ఆ రోజు పాఠం ఆగిపోతుంది, వెతికి తీసి పెట్టేదాకా. ఏడాది అయ్యాక ఏ మనిషికి ఆ మనిషిని పూర్తిగా సర్ది, మూటగట్టి ఇంటివాళ్లకి ఇస్తాం. మూట కట్టేది నేనే."

"మీరేనా?"

"నేనే. ముడి నేనే వేస్తాను."

దర్జీ ఆమె చేతుల వైపు చూశాడు, గుడ్డ నాణ్యం చూసేవాడిలా, చాలాసేపు. తర్వాత కాగితం తీసి, బల్ల తడి తన తువ్వాలుతో తుడిచి, సంతకం పెట్టాడు. టైము నాలుగూ నలభై ఒకటి.

"సాక్షి కావాలి," అన్నాడు.

"నేను డిపార్ట్‌మెంటు మనిషిని, పనికిరాను," అంది ఆయా. అక్క రెండు చేతులూ పాలతో తడిసి ఉన్నాయి.

ఎముకల బాబాయ్ కర్ర బెంచీకి ఆనించి, చెయ్యి చాపాడు. ఫారం మొదటినుంచి చివరిదాకా చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు. సాక్షి గడిలో సంతకం పెట్టి ఇచ్చాడు. నాలుగూ యాభై రెండుకి కాగితం ఆఫీసులో చేరింది.

తర్వాతి గురువారం ఆయా ఫ్లాస్కు నింపించుకోడానికి వచ్చినప్పుడు అక్కకి రెండు సంగతులు చెప్పింది. టీచరుగారి ఆపరేషన్ బాగా జరిగిందట, తమ్ముడితో మాట్లాడుతోందట, ఎక్కువే మాట్లాడుతోందట. రెండోది, ఆ వారం ఆఫీసుకి మరో ఫారం వచ్చింది. మంగళవారం పొద్దున తలుపు తియ్యగానే ఎముకల బాబాయ్ తెచ్చి ఇచ్చాడు. 'శరీరదానానికి కారణం' అనే గడిలో ఇలా రాసి ఉంది: "ముప్పై ఒక్క ఏళ్లు గడప బయటే నిలబడ్డాను. ఒక్కసారి లోపలికి వెళ్లాలని ఉంది. వీలైతే ఒకటో నంబరు టేబుల్ ఇప్పించగలరు."