బస్సును లాగిన టెర్రియర్

"కుక్కపిల్లని ఎంచుకోవడమంటే వంకాయలు ఏరడం కాదల్లుడూ, నిగనిగలాడిందల్లా సంచిలో వేసుకోవడానికి!" అంటూ వెల్డింగ్ మామ టీకొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా టైలరు, పొయ్యి దగ్గర కొట్టు అక్క, మూలన గ్లాసు పట్టుకుని పశువుల ఆస్పత్రి కాంపౌండరు.

"కుక్కలమ్మేవాడి దగ్గరికి నేను వెళ్లేసరికి ఆరు పిల్లలున్నాయి, అన్నీ టెర్రియర్లే, మోకాలెత్తు కూడా పెరగని జాతి. ఐదు పరుగెత్తుకొచ్చి నా కాళ్లు నాకాయి. ఆరోది మాత్రం నా చెప్పు పట్టుకుంది, కాలితో సహా! అమ్మేవాడు, 'సార్, దీనికి ఒళ్లంతా బలమే, పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పకపోతే మీ ఇంటి తలుపులు మిగలవు' అన్నాడు. నాకు ఇదే కావాలన్నాను. ఇంటికి తెస్తే మీ అత్త గుమ్మంలోనే ఆపేసి, 'ఉంటే అదుండాలి, లేకపోతే నేనుండాలి' అంది. కాళ్లావేళ్లా పడి నెల గడువు తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తలుపులు పోయాయా?" అన్నాడు టైలరు.

"నేను ఊరుకుంటానా? మూడు రోజులు ఓపిగ్గా 'కూర్చో' అనే మాట నేర్పాను. నాలుగో రోజు గట్టిగా 'కూర్చో' అనేసరికి అది కూర్చుంది, పక్కింటాయన కూర్చున్నాడు, వీధిలో పోతున్న గేదె కూడా కూర్చుంది."

"గేదె కూడానా అన్నయ్యా?" అంది కొట్టు అక్క.

"నేను లెమ్మంటే గానీ లేవలేదమ్మా, దాని యజమాని వచ్చి బతిమాలుకున్నాడు. ఇక నడకంటావా, తాడు నా చేతిలో ఉందనే మాటే గానీ, దాని వేగానికి నా నీడ వెనకబడిపోయేది. నేను ఇంటికొచ్చి, దాని బొచ్చు దువ్వి, అన్నం తిని నడుం వాల్చాక అప్పుడొచ్చేది నా నీడ, ఆయాసపడుతూ."

టైలరు టీ పొలమారి దగ్గాడు.

"నవ్వకు, అసలు కథ ముందుంది. గడువు ఆఖరి రోజు వాన. కొండ దారిలో బస్సు బురదలో దిగబడిపోయింది. లోపల నలభై మంది, అందులో మీ అత్త! డ్రైవరు చేతులెత్తేశాడు. కబురు తెలిసి కుక్కతో పరుగెత్తాను. దాని మెడకి కాదు, నొప్పెడుతుందని ఛాతీకి పట్టీ కట్టి, బస్సుకి తాడేసి, చెవిలో 'లాగమ్మా' అన్నాను. ఒక్క గుంజు! బస్సొచ్చింది. బస్సుతో పాటు రోడ్డొచ్చింది, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ. ఆపవే అంటే ఆపదే! చివరికి బస్సు కొండెక్కే పని లేకుండా కొండే కిందికి దిగొచ్చింది. ఇప్పటికీ అక్కడివాళ్లకి సూర్యుడు అరగంట ముందే ఉదయిస్తాడు. మీ అత్త బస్సు దిగి, దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. నన్ను కాదు, దాన్ని!"

కాంపౌండరు గ్లాసు కింద పెట్టాడు. "అంతా నమ్మాను మామా. నిన్న పొద్దున టీకాకి తీసుకొచ్చారే, ఆ ముక్క కూడా చెప్పండి మరి."

మామ గొంతు సవరించుకున్నాడు. "అందులో చెప్పడానికేముంది?"

"నేను సూది తీశాను. కుక్క బల్ల మీద రాయిలా నిలబడింది. దభీమని పడింది మీరు! నేనూ డాక్టరుగారూ చెరో చెయ్యి పట్టి లాగినా మీరు అంగుళం కదల్లేదు. చివరికి ఆ కుక్కే కిందికి దూకి, మీ కాలరు పట్టుకుని ఫ్యాను కిందికి ఈడ్చింది."

కొట్టంతా ఘొల్లుమంది. కొట్టు అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మామ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. మరుక్షణం తొడ చరిచి లేచాడు.

"విన్నారా! ఇంతసేపూ నన్ను కోతలరాయుడనుకున్నారే, ఇప్పుడు ఆస్పత్రి మనిషే సాక్ష్యం చెప్పాడు. ఇద్దరు మగాళ్లు కదపలేని నన్ను ఒంటరిగా ఈడ్చిందట! అయ్యా కాంపౌండరూ, ఎంత దూరం ఈడ్చిందో కూడా చెప్పు, సిగ్గుపడకు!"