ఆయన నవ్వే ప్రశ్న

(వడ్రంగి షెడ్డు. కొత్త స్టూలు పక్కన తండ్రి. ఎదురుగా ఫోను పట్టుకుని కూతురు.)

“నమస్కారమండీ. ఈ స్టూలు టేకు కర్రతో చేయబడినది. దీని…”

“నాన్నా! చేయబడినది ఏంటి? బడిలో పాఠం అప్పజెప్తున్నావా?”

“మరెలా చెప్పను?”

“మామూలుగా. పాత వీడియోల్లో చెప్పినట్టు.”

“అవి వేరులే.”

“ఏం వేరు? అదే షెడ్డు, అదే ఫోను, అదే నువ్వు.”

“పట్టుకున్నది మీ అమ్మ. తను అడిగేది, నేను చెప్పేవాణ్ని. తర్వాత తన గొంతు, తనకి చెప్పిన కబుర్లు కట్ చేసేసేది. ఇప్పుడు ఆ నల్ల చుక్కతో ఏం మాట్లాడమంటావ్?”

“అమ్మ పోయి నాలుగు నెలలు, నాన్నా. ఒక్క స్టూలు అమ్ముడుపోలేదు. పాత వీడియోల కింద అందరూ రాసేది ఒకటే, పెద్దాయన వీడియో పెట్టండని. ఇలాగైతే షెడ్డుకి తాళమే.”

“వేసేద్దాం.”

“వేసేసి? రోజంతా గోడ వంక చూస్తూ కూర్చుంటావా? నావల్ల కాదు నాన్నా, నిన్నలా చూడటం. ఇదిగో, అమ్మ ప్రశ్నల పుస్తకం తెచ్చా. నేనడుగుతా. కాళ్లకి మేకులు కొట్టారా?”

“మేకులా? నా షెడ్డులోనా? పై చెక్కకి బెజ్జం పెడతాం. కాలు అందులో దిగిందంటే దిగినట్టే. ఇద్దరెక్కి గెంతినా ఊడదు.”

“అదీ! అలా! ఉప్పుకాగితం ఎన్నిసార్లు రుద్దారు?”

“మూడుసార్లు. ఆ తర్వాత మా ఆవిడ అరచేత్తో తడిమి చూసేది. ఎక్కడన్నా గుచ్చుకుందా, మళ్లీ మొదట్నుంచీ… అది తీసెయ్యమ్మా.”

“ఉండనీ. బాగుంది. ఇంకొక్కటే. దీని కింద అమ్మ గీత కూడా గీసుకుంది. ‘చివర్లో ఇదడగాలి, ఆయన నవ్వుతారు’ అని.”

“అది వద్దు.”

“నీ నవ్వు చూసే కదా నాన్నా కొనేది!”

“వద్దన్నానా?”

“ఒక్కసారి. ‘ఎన్నాళ్లు ఉంటుందండీ ఇది?’… నాన్నా? ఏమైంది? కూర్చో, కూర్చో ముందు. అమ్మ అడిగితే ఏమని చెప్పేవాడివి?”

“తను పగలబడి నవ్వేది. ఫోను ఊగిపోయేది. నేనూ నవ్వేవాణ్ని.”

“ఏమని, నాన్నా?”

“‘నీకంటే ఎక్కువ కాలమే ఉంటుందిలేవే’ అని.”