రవీందర్ ఎక్కిన అనంతగిరి

"ఆదివారం అనంతగిరి గుట్ట ఎక్కిన. అరవై వేల అడుగులు పడ్డయ్. యాప్‌ల ఉన్నది, చూస్కోండ్రి," అన్నాడు రవీందర్, శేరిలింగంపల్లిలో ఆఫీసు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర.

అడుగులు లెక్కపెట్టే వాచీలు అందరికీ ఇచ్చి ఆఫీసు పెట్టిన నడక పోటీకి ఆ ఆదివారమే ఆఖరి రోజు. గెలిచినవాళ్ళకు మూడు రోజుల సెలవు. ఆ సెలవు మీద చెల్లెలి నిశ్చితార్థానికి కాకినాడ వెళ్ళాలని ఉదయ్ భాస్కర్ నెల్లాళ్ళుగా పొద్దున్నే లేచి నడుస్తున్నాడు. శనివారం దాకా అతనే ముందు. ఒక్క ఆదివారంతో రవీందర్ దాటేశాడు. పోటీ చూసుకునే హెచ్ఆర్ ప్రియదర్శిని కూడా అక్కడే నిలబడి చాయ్ తాగుతోంది.

"అంత ఎలా నడిచారండీ?" అన్నాడు ఉదయ్, ఏడుపు ఆపుకుంటూ.

"నడుసుడేంది తమ్మీ, ఉరికిన! మొదలు మామూలుగనే ఎక్కుతున్న. అడవిల సగం దూరం పోయినంక ఎనక గుర్రుమన్నది. చూస్తే చిరుత!"

"అనంతగిరిలో చిరుతేంటండీ?"

"దాని ఆధార్ కార్డు అడిగిన్నా నేను? ఇగ ఉరుకుడే ఉరుకుడు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కొనకెక్కెటాల్లకు చిరుతకే దమ్మొచ్చి కూలబడ్డది. పాపమనిపించి నా సీసల నీళ్ళు తాపిన. లేస్తలేదు. ఇడిసిపెట్టి వస్తనా? భుజాల మీదేసుకొని కిందికి దించిన. కింద ఫారెస్టోళ్ళు పరేషాన్ల ఉన్నరు. 'సార్, ఇంకో రెండు పైన్నే పడి ఉన్నయ్, జర తెచ్చిపెట్టరా' అన్నరు. ఇగ ఎక్కుడు, దిగుడు, ఎక్కుడు, దిగుడు! మూడోసారి ఎంత జోరుమీదున్ననంటే, కొన అయిపోయినా కాళ్ళు ఆగలే. గాలిల ఇంకో పది అడుగులు పైకేసిన. అక్కడికెళ్ళి మణికొండల మా అపార్ట్‌మెంట్ కనవడ్డది. బాల్కనీల మా ఆమె బట్టలారేస్తున్నది. చెయ్యి ఊపిన!"

"ఆవిడ కూడా ఊపారా?"

"సిగ్గుపడ్డది."

ప్రియదర్శిని ఫోన్ తీసి చూసింది.

"రవీందరన్నా, ఈ వాచీ అడుగులొక్కటే కాదు, ఎక్కిన ఎత్తు గూడ రాస్తది. మెట్లెక్కినా పడ్తది. ఆదివారం మీరెక్కిన ఎత్తు సున్నా."

"గాలిల సిగ్నల్ దొరకలేదేమో."

"పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆగకుండ అడుగులు పడ్డయ్. ఒంటిగంటకు మాత్రం పావుగంట ఆగినయ్. అప్పుడేమైంది?"

రవీందర్ ఖాళీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"మా పాప పాలకు లేసింది," అన్నాడు మెల్లగా. "వాచీ ఊయలకు కట్టిన."

ఉదయ్ అప్పటికే కాకినాడ రైలుకు టికెట్ వెతుకుతున్నాడు.