చెయ్యి చాచినవాళ్ళు

పొద్దుటి బ్యాచ్ ఈత ముగించి వెళ్ళిపోయింది. కొలను పక్కనున్న చిన్న గదిలో కోచ్, కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆయన భార్య మిగిలారు.

"అది కాదు, నాకు ఈ ఒక్క ముక్క చెప్పు. ఇదిగో, ఇక్కడ. రీచ్‌డ్ అవుట్. రీచ్ తెలుసు, అవుట్ తెలుసు. రెండూ కలిస్తే ఏమిటి?"

"పేపరు మొత్తం చదివారా?"

"చదివాను. మన బుడగ గెలిచింది, ఫోటో వేశారు, పక్కన ఆ పెద్ద అకాడమీ కోచ్ తనే ఈదినట్టు నిలబడ్డాడు. అదంతా అర్థమైంది. ఇదే అర్థం కాలేదు."

"మన బుడగ అంటున్నారే. ఆ పేరెత్తొద్దని మీరేగా అన్నది."

"నోటికలా వచ్చింది. మొదటిరోజు నీళ్ళలో మూతి పెట్టి బుడగలూదడం తప్ప ఏమీ రాని పిల్ల. ఆ పేరు పెట్టింది నేనేగా. నువ్వు మాట మార్చకు."

"మార్చట్లేదు. రీచ్ అవుట్ అంటే... పలకరించడం. మాట్లాడటం. అంతే."

"అంతేనా? ఫోన్లో చూస్తే చెయ్యి చాచడం అని వచ్చింది."

"అది మాటకి మాట పెట్టేస్తుంది. అలా తీసుకోకూడదు."

"చెయ్యి చాచడమంటే మనకొకటే అర్థం. అడుక్కోవడం."

"ఇంగ్లీషులో అలా కాదు. సాయం కావాలని వెళ్ళినా అదే మాట, సాయం చేస్తానని వెళ్ళినా అదే మాట. దూరంగా ఉన్నవాళ్ళని మనమే చొరవ చేసి పలకరిస్తే రీచ్ అవుట్ అయినట్టు."

"ఆగు. మనమే చొరవ చేసి. అంటే ముందు కదిలినవాళ్ళు."

"అలాంటిదే."

"అలాంటిదేనా, అదేనా?"

"అదే."

"మరి ఇక్కడ ముందు కదిలిందెవరు? చదువు. నీ నోటితో చదువు."

"ఆ అకాడమీ కోచ్ అన్నమాట ఇది. 'దే రీచ్‌డ్ అవుట్ టు అస్.' వాళ్ళు మాతో... మాట్లాడారు."

"వాళ్ళు ముందు మాట్లాడారు. అకాడమీవాడు పిలవలేదు, వీళ్ళే వెళ్ళారు. అంతేనా?"

"ఒక్క మాట పట్టుకుని ఇంత..."

"ఆ ఒక్క మాట దగ్గరే నన్ను వెర్రివాణ్ణి చేశారు. పిల్ల వాళ్ళ నాన్న వచ్చి, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని ఏం చెప్పాడు? 'పెద్ద అకాడమీవాళ్ళు పిలిచారు సర్, కాదంటే బాగుండదు' అన్నాడు. తలెత్తలేదు. నేనేమన్నాను? పిలిస్తే పంపవయ్యా అన్నాను. నా చేతికింద పెరిగిన పిల్లమీద వాళ్ళ కన్ను పడిందని లోపల కాస్త పొంగిపోయాను కూడా. ఇప్పుడు తెలిసింది తలెందుకెత్తలేదో. బండి తాళాలేవి?"

"ఎక్కడికి?"

"వాళ్ళ నాన్న గ్యారేజీకి. ఏ కారు కిందున్నా బయటికి లాగి, నలుగురి ముందూ అడుగుతాను."

"ఆయన్ని అడక్కండి."

"ఎందుకడక్కూడదు?"

"పనిలో ఉంటాడు."

"నేనూ పనిలోనే ఉన్నాను. నా పనే ఎత్తుకుపోయారు. తాళాలిలా ఇవ్వు."

"ఇవ్వను. కూర్చోండి ముందు. 'దే' అంటే ఎప్పుడూ ఇద్దరు ముగ్గురని కాదు."

"మళ్ళీ వ్యాకరణమా?"

"వ్యాకరణం కాదు. ఒక్కళ్ళే అయినా, ఎవరో చెప్పడం ఇష్టం లేనప్పుడు 'దే' అనేసి ఊరుకుంటారు. పేరు బయటపెట్టనని ఆ కోచ్ మాటిచ్చాడు."

"ఎవరికి మాటిచ్చాడు?"

"నాకు."

"నీకు వాడు మాటివ్వడమేమిటి?"

"ముందు పలకరించింది నేను. బుడగ కాదు, వాళ్ళ నాన్నా కాదు. ఆ కోచ్ నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. 'మీ అకాడమీలో భుజాలు బాగుచేసేవాళ్ళు ఉన్నారట, ఈ పిల్లని చూడండి' అన్నాను. మీరన్నారే చెయ్యి చాచడమని, అదే చేశాను. అడుక్కున్నాను."

"మన ఇంట్లోంచి?"

"మన వంటింట్లోంచి."

"నేనెక్కడున్నాను?"

"ఇక్కడే. ఈల వేస్తున్నారు, పిల్ల ఇంకో నాలుగు రౌండ్లు కొట్టాలని."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. పిల్ల ఇంగ్లీషు నేర్చుకోడానికి ఇంటికొచ్చినప్పుడు, జుట్టు ముడేసుకోలేక నా ముందు కూర్చునేది. కుడిచెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. 'సర్‌తో అనకండి మేడమ్' అనేది. అయినా అన్నాను. ఈతగాళ్ళ భుజాలన్నీ అంతే అన్నారు మీరు. ఈ సీజనంతా నీళ్ళలో దించొద్దని డాక్టరు చెప్పాడంటే, ఆ డాక్టరుకి ఈతొచ్చా అని అడిగారు."

"సెలక్షన్లు నెత్తిమీదున్నాయి."

"సెలక్షన్లకి మీరే వెళ్తున్నట్టు మాట్లాడేవారు."

"నేనే వెళ్తున్నాననుకున్నాను. అందులో దాపరికమేముంది? ఆ వయసులో నన్ను సెలక్షన్లదాకా చేర్చినవాడు లేడు."

"నాకు తెలుసు. తెలిసే, మీకు చెప్పకుండా చేశాను."

"అంటే ఇన్నాళ్ళూ నేను కంచం ముందు కూర్చుని వాళ్ళ నాన్నని తిడుతుంటే నువ్వు వడ్డిస్తూ విన్నావు."

"విన్నాను."

"ఊఁ కొట్టావు."

"కొట్టాను."

"విశ్వాసం లేని పిల్ల అని నేనంటే, పోనిద్దురూ అన్నావు. గోడమీద దాని ఫోటో తీసేస్తుంటే స్టూలు పట్టుకున్నావు."

"పడిపోతారని పట్టుకున్నాను."

"ఊళ్ళోవాళ్ళంతా నా వెనక నవ్వుకున్నా ఇంటికొచ్చి నీతో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఇది ఎవరితో చెప్పుకోవాలి?"

"తిట్టండి. ఇలా మెల్లగా మాట్లాడకండి."

"తిట్టడానికేముంది? చెవి దాటని చెయ్యి, ఈ ఫోటోలో చూడు, రెండూ ఆకాశానికెత్తింది. నా దగ్గరే ఉంటే ఆ భుజం ఏమయ్యేదో నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. తెలిసీ ఈల వేశాను. నువ్వు చేసింది నాకు ద్రోహమే. పిల్లకి మంచే చేశావు. రెండూ నిజమే. నా మనసు నీ దగ్గరికి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది, రాకుండా మాత్రం ఉండదు. వాళ్ళ నాన్ననీ వదిలేస్తాను. పిలిచారని చెప్పమన్నది నువ్వేగా?"

"నేనే. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు, నాలుగుసార్లు చెప్పించాను."

"బుడగని మాత్రం క్షమించలేను."

"అదేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. అదే. ఒక్కసారి వచ్చి 'భుజం నొప్పి సర్, వెళ్తున్నాను' అనొచ్చుగా. వాళ్ళమ్మ కంటే ముందు నాతో చెప్పుకునే పిల్ల. ఒక ఫోన్ లేదు, ఒక మాట లేదు. మొన్న పోటీల్లో నాకెదురొచ్చి, తలొంచుకుని గోడవారగా తప్పుకుపోయింది. తప్పు చేసినవాళ్ళ నడక అది. ఉన్నచోటే నిలబడి సర్ అంటే చాలు, నేనే వెళ్ళేవాణ్ణి."

"దాన్నేమీ అనకండి."

"ఎందుకనకూడదు? నువ్వు వెళ్ళమనగానే ఎగిరి గంతేసి వెళ్ళింది."

"లేదు."

"ఏం లేదు?"

"వెళ్ళనంది. భుజం ఊడిపోయినా సర్ దగ్గరే ఉంటానని మన గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. వాళ్ళ నాన్న బతిమాలాడు, నేను బతిమాలాను. వినలేదు. ఇక నాకు దారి తోచలేదు."

"తోచక?"

"వద్దండీ."

"తోచక ఏం చేశావు?"

"'నీ భుజం పనైపోయిందమ్మా, సర్‌కి ఇంక నువ్వు అక్కర్లేదట, కంటపడొద్దన్నారు' అని చెప్పాను. మీరే అన్నట్టు చెప్పాను."