దీవాన్‌ఖానా గాల్లోకి లేచిన ఆదివారం

తిరుమలగిరిలో అనసూయమ్మ టీ కొట్టు ముందున్న బెంచీ మీద ఆ సాయంత్రం ముగ్గురే ఉన్నారు. స్కూల్లో లెక్కలు చెప్పే లూకా మాస్టారు, బేగంపేట ఆఫీసు నుంచి వస్తూ తండ్రిని ఇంటికి తీసుకెళ్దామని ఆగిన ఆయన కూతురు క్యారల్, బొల్లారంలో టెంట్ హౌస్ నడిపే బిక్షం. మాటల మధ్యలో లూకా ఒక సంగతి చెప్పాడు. శనివారంతో తమ పెళ్లై పాతికేళ్లు. పెళ్లైన కొత్తలో భార్య డోరాతో మొదటిసారి బయట భోంచేసింది మహతాబ్ రిసార్టులోని హోటల్ దీవాన్‌ఖానాలో. మళ్లీ అక్కడికే తీసుకెళ్దామని టేబుల్ చెప్పి ఉంచాడు. ఈమధ్య దాన్ని అంతా మార్చి కొత్తగా కట్టారని విన్నాడు, ఎలా ఉందో ఏమో.

బిక్షం టీ గ్లాసు కింద పెట్టాడు. అది చూసి అనసూయమ్మ స్టవ్ మంట తగ్గించింది. ఇప్పట్లో ఎవరూ లేవరని ఆమెకు తెలుసు.

"మాస్టర్ సాబ్, మీరు అడిగిండ్రు గాబట్టి చెప్తున్న, లేకుంటే నా గురించి నేను చెప్పుకునే మనిషిని కాదు, అనసూయక్కకు ఎర్కే. దీవాన్‌ఖానా అంటే ఎట్లుండె? ఎర్ర మఖ్మల్ కుర్చీలు, కూసుంటే మనిషి సగం లోపలికి పోతుండె. గోడలకు అద్దం ముక్కలు, మూలకు చేపల తొట్టి, పైన గంత పెద్ద షాండిలియర్, అండ్ల సగం బల్బులు వెలగకపోతుండె గని ఎవ్వరు ఫికర్ చెయ్యకపోతుండె. సికింద్రాబాద్ల సగం పెండ్లి చూపులు గా ఎర్ర కుర్చీలల్లనే అయినయ్. అసుంటి దాన్ని మూసి, చుట్టూ రేకులు కొట్టి, లోపల ఏం చేస్తున్నరో పిట్టకు సుత చెప్పకుంట చేసి, మొన్న ఆదివారం తెరిచిండ్రు. నేను మా ఇంటామెను తీసుకొని పోయిన. ఉన్నదున్నట్టు చెప్తున్న, నేను చేసింది చిన్న పనే. మేనేజర్‌ను పిలిచి ఒక్క మాట అడిగిన, గంతే."

"ఏమడిగారండీ?" అన్నాడు లూకా.

"'ప్లాస్టరింగ్ మేస్త్రి మధ్యల పారిపోయిండా?' అని అడిగిన. ఎందుకంటే సార్, గోడలన్నీ ఉత్త సిమెంటు. సున్నం లేదు, రంగు లేదు. పైకి చూస్తే పైపులు, వైర్లు, మనిషి కడుపు కోసి పెట్టినట్టు అన్నీ బయటికే. బల్బులు మోకులకు కట్టి ఏలాడదీసిండ్రు, బాయిల బొక్కెన ఏలాడినట్టు. గా మేనేజర్ సూటేసుకొని నవ్వుకుంట, 'ఇదే ఫినిషింగ్ సార్, మోడ్రన్ లుక్' అన్నడు. బిర్యాని చెప్తే దేంట్ల తెచ్చిండ్రో ఎర్కేనా? సీసాల. మామిడికాయ తొక్కు పెట్టుకునే సీసా ఉంటది చూడు, అండ్ల. ముక్క అడుగున ఉన్నది, చెంచా అందుతలేదు. నేను చెయ్యి పెట్టిన, చెయ్యి ఇరికింది. సీసా చేతికుండంగనే మేనేజర్ తోని మాట్లాడిన, అదే నా ఇజ్జత్."

"డోరాకు బిర్యాని అంటే ఇష్టం," అన్నాడు లూకా మెల్లగా.

"ఇంక వినుండ్రి. దీవాన్‌ఖానాకు ఫ్యాన్స్ ఉన్నరు సార్, హీరోలకు ఉన్నట్టు. ప్రతి ఆదివారం అదే టేబుల్, అదే కుర్చీ. కొత్తగ తెరిచిండ్రని తెలిసి ఆ రోజు అందరు వచ్చిండ్రు. అల్వాల్ నుంచి కాంతమణి మేడమ్ అని రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఉన్నది, ఆమె హోటలోళ్లకు కప్పుదామని చేతుల శాల్వా పట్టుకొని లోపలికొచ్చి, తన ఎర్ర కుర్చీ ఏదని చూసింది. ఎర్ర కుర్చీ లేదు. ముక్కాలి పీటలున్నయ్. వాటికి వీపు లేదు. పాపం పాత అలవాటు కొద్ది కూసొని ఎనుకకు ఆనింది. ఆనడానికి ఏమున్నది, గాలి. పోయి ఎనుక టేబులాయన మీద పడ్డది. ఆయన సుత అప్పుడే ఆనబోతున్నడు, ఆయన పోయి తన ఎనుకామె మీద, ఆమె పక్క టేబుల్ మీద, గట్ల వరుసబెట్టి హాలు హాలంత పండుకున్నది. ఆఖరి ఆయన అద్దాల తలుపుల నుంచి పోయి స్విమ్మింగ్ పూల్ల పడ్డడు."

"దేవుడా, ఎవ్వలకు దెబ్బలు తాకలేదా?" అన్నది అనసూయమ్మ.

"ఒక్కలకు సుత తాకలే అక్క. ఒకల మీద ఒకలు మెత్తగ పడ్డరు. పూల్ల పడ్డాయనకైతే ఈత వచ్చింది. అప్పటిదాక రాదంట. ఇప్పుడు రోజు పోతున్నడు."

లూకా క్యారల్ వంక చూశాడు. "మీ అమ్మకు నడుం నొప్పి కదా. వీపు లేని కుర్చీలో ఎలా కూర్చుంటుంది?"

క్యారల్ అప్పటికే ఫోన్ తీసి ఆ రిసార్టు పేజీ వెతుకుతోంది.

"నడుం సంగతి తర్వాత సార్, ముందు మనసు సంగతి వినుండ్రి. కింద పడ్డోళ్లు లేచిండ్రు. లేచి నాలుగు దిక్కుల చూసిండ్రు. చేపల తొట్టి ఉన్న కాడ ఇనుప రాడ్ మీద చిన్న చెట్టు. అద్దం ముక్కల గోడ కాడ ఉత్త సిమెంటు. కాంతమణి మేడమ్ గోడ మీద చెయ్యి పెట్టి, 'మా ఆయన నన్ను చూసింది ఈ గోడ అద్దంలోనే' అని ఏడుపు షురూ చేసింది. ఆమెను చూసి పక్కామె, పక్కామెను చూసి వాళ్లాయన. వెయిటర్లు టిష్యూలు పట్టుకొని ఉరికొచ్చిండ్రు, వాళ్లు సుత పాతోళ్లే, వాళ్లు సుత ఏడ్చిండ్రు. నీళ్లు మడమల దాక వచ్చినయ్. మా ఇంటామె చెప్పులు చేతుల పట్టుకున్నది. నేను ఒక్కన్నే ఏడ్వలే, ఎందుకంటే ఎవరో ఒకలు ధైర్యంగ ఉండాలె గద. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"హోటల్ మునిగిందా?" అన్నది అనసూయమ్మ.

"మునిగితే బాగుండు. సిమెంటు పచ్చిది కదా, గా కన్నీళ్లన్నీ పీల్చుకున్నది. కొత్త సిమెంటుకు మస్తు నీళ్లు పడితే ఎట్లయితది? ఉక్కయితది. మేనేజర్ భయపడి, 'పగలగొట్టి మళ్లా పాతది కట్టిస్త, ఏడ్వకండి' అని మిషన్లు పిలిపిచ్చిండు. డ్రిల్లు పెడితే డ్రిల్లు వంగింది. జేసీబీ తెస్తే దాని పండ్లు ఊడినయ్."

లూకా లెక్కల మాస్టారు. ఊరుకోలేకపోయాడు. "బిక్షం గారూ, కన్నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పునీళ్లు పడితే సిమెంటు పాడవుతుంది కదండీ."

బిక్షం ఆయన వంక జాలిగా చూశాడు. "కడుపు కాలి ఏడిస్తే ఉప్పు సార్. హోటల్ కోసం ఏడిస్తే ఉప్పెందుకుంటది? డబుల్ కా మీఠా తిని పెరిగిన కండ్లవి. వెయిటర్ ఒకడు నాలికకు పెట్టుకొని చూసిండు సుత, పాకం లెక్క ఉన్నదన్నడు."

లూకా చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

"అప్పుడు మేనేజర్ నా దిక్కు చూసిండు. సీసా ఇంక నా చేతికే ఉన్నది, అయినా చూసిండు. 'సార్, మీరే ఏదన్న చెయ్యాలె' అన్నడు. నేను ఆలోచన చేసిన. కూలగొట్టరాదు, రంగు పట్టదు. ఇంక మిగిలింది ఒక్కటే, బట్టతోని కప్పుడు. మాది టెంట్ హౌస్ కాదా? బొల్లారంల నాకున్న షామియానాలన్నీ తెప్పిచ్చిన. చాలలే. తిరుమలగిరి టెంట్ హౌసులోళ్లకు ఫోన్ కొట్టిన, అల్వాలోళ్లకు కొట్టిన. బేగంపేటల పెండ్లి జరుగుతుంటె పెండ్లికొడుకే స్వయంగ తన పందిరి ఇప్పుకొని తెచ్చిండు సార్, వాళ్ల అమ్మానాయన దీవాన్‌ఖానా ఫ్యాన్సట. పూర్తి హోటల్‌కు లోపల బయట ఎర్ర షామియానా కట్టిన, జరీ అంచు, కుచ్చులు, మధ్యల అద్దాల పువ్వులు. అచ్చం పాతదే. కాంతమణి మేడమ్ కండ్లు తుడుచుకొని, 'బిక్షం, నువ్వు మనిషివి కాదు' అన్నది."

"అది నిజమే," అన్నది అనసూయమ్మ.

"గా మాట నేను మంచిగనే తీసుకున్న అక్క. ఇంక ఇదంత ఇక్కడికి అయిపోతే నేను గింత చెప్పకపోదు. తాళ్లు ఎవరు కట్టిండ్రు? నేను. నేను కట్టిన తాడు ఊడదు, అదే తప్పయింది. షామీర్‌పేట దిక్కు నుంచి గాలి లేచింది. షామియానా గాలి పట్టింది, ఉబ్బింది. మామూలు టెంటయితే తాడు తెగి టెంటు పోతది. నా తాడు తెగదాయె, సిమెంటు ఇరగదాయె. ఇంక ఏం పోవాలె? హోటలే పోవాలె. లేచింది. మెల్లగ, బువ్వ ఉడికినప్పుడు మూత లేచినట్టు. వంటింటితోని, వెయిటర్లతోని, మా ఇంటామెతోని. నేను బయట ఆఖరి ముడి వేస్తున్న, తాడు చేతులనే ఉండె, ఇడిస్తె అందరు ఆగమైతరని ఇడువలే. నేను కింద ఏలాడుకుంట, పైన వాళ్లు తినుకుంట, గట్ల మనందరి మీదికెల్లే పోయింది. అక్క, ఆదివారం పగటిపూట జెరసేపు మబ్బు పట్టలే?"

"పట్టింది," అన్నది అనసూయమ్మ. అంతలోనే అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు గ్లాసులు గట్టిగా కడగడం మొదలుపెట్టింది.

"అది మబ్బు కాదు, మేము. కంటోన్మెంట్ల జవాన్లు పరేడ్ ఆపి పైకి చూసిండ్రు. ఆఫీసర్ సెల్యూట్ కొట్టిండు, ఏదో కొత్త మిలిటరీ సామాను అనుకున్నడు. నేను ఒక చెయ్యి తీసి సెల్యూట్ కొట్టిన, మర్యాద మర్యాదే గద. అట్లనే బేగంపేట దిక్కు పోయినం. పాత ఎయిర్‌పోర్ట్ టవర్ల మనిషి మైకుల, 'మీరు ఎవరు, ఎక్కడి నుంచి వస్తున్నరు' అని అడిగిండు. 'దీవాన్‌ఖానా, మహతాబ్ రిసార్ట్, లోపల లంచ్ నడుస్తున్నది' అని చెప్పిన. ఆయన దుర్బీను పెట్టి చూసిండు. తర్వాత, 'ఇద్దరికి టేబుల్ దొరుకుతదా' అన్నడు."

అనసూయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లూకా మాత్రం నవ్వలేదు. పాతికేళ్ల కిందటి ఎర్ర కుర్చీ ఆయన మనసులోంచి పోవడం లేదు.

"ఇంతకీ బాధేందంటే సార్, పైకి పోయినంక గా ఫ్యాన్సే మారిండ్రు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టిండ్రు గద, షామియానా జరుపుకొని చూస్తే హుస్సేన్ సాగర్ మొత్తం కనబడుతున్నది, లోకల్ రైళ్లు చీమల లెక్క కనబడుతున్నయ్. 'ఆహా, కొత్త కిటికీలు మంచిగున్నయ్' అని ఒకలన్నరు. 'గాలి వెలుతురు మంచిగొస్తున్నది' అని ఇంకొకలు. ఏడ్చిన నోళ్లే సార్. ఫోటోలు దిగుడు షురూ చేసిండ్రు. కింద తాడుకు నేను ఏలాడుతున్న, చేతులు పగిలినయ్, నా మొఖానికి ఒక్కలన్న చూడలే. గప్పుడు నాకు మస్తు తక్లీఫ్ అయింది. పాత దాని కోసం నిలబడ్డది నేనొక్కన్నే."

చివరి మాట ఎంత బాధగా అన్నాడంటే అనసూయమ్మ అడగకుండానే ఇంకో టీ పోసింది.

"మరి కిందకి ఎలా దిగారండీ?" అన్నాడు లూకా.

"గాలి తగ్గింది, నేను తాడు గుంజి మలుపుకుంట తెచ్చి యథాస్థానంల దింపిన. జెర ఉల్టా దిగింది. వంటిల్లు రోడ్డు దిక్కు అయింది. ఓనర్ ఉరికొచ్చి నా చేతులు పట్టుకొని, 'రిసార్ట్ నువ్వే తీసుకో అన్న, నీకు నచ్చినట్టు చేసుకో' అన్నడు. నాకు టెంట్ హౌస్ చాలన్న. అందుకే చెప్తున్న మాస్టర్ సాబ్, అమ్మగారిని అక్కడికి తీసుకపోకుండ్రి. సీసాల బువ్వ, వీపు లేని పీట, పైంగ గాలొస్తే ఎటు పోతదో తెల్వని హోటల్. మీ ఇంటి ముందట్నే నేను ఎర్ర షామియానా వేస్త, మఖ్మల్ కుర్చీలు వేస్త, వంటమనిషిని నేనే తెస్త. అమ్మగారు దీవాన్‌ఖానా అనే అనుకుంటది."

లూకా జేబులోంచి ఫోన్ తీశాడు. "గాల్లో లేవడం సంగతి వదిలేయండి. ఆ వీపు లేని కుర్చీలు... డోరా గంటసేపు కూడా కూర్చోలేదు. టేబుల్ వద్దని చెప్పేస్తాను క్యారల్."

"ఒక్క నిమిషం డాడీ," అంది క్యారల్. "రిసార్ట్ వాళ్లు వీడియో పెట్టారు. 'మా అభిమానులు ఏమంటున్నారు' అని. ఇది చూడండి."

ఫోన్ బెంచీ మధ్యలో పెట్టింది. బూడిద రంగు గోడ ముందు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, బిక్షం కూర్చుని ఉన్నాడు. చేతిలో బిర్యాని సీసా. చెంచా బాగానే అందుతోంది. "నమస్తే. నా పేరు బిక్షం, బొల్లారం. పాతది చీకటిగ మా టెంటు సామాన్ల గోడౌన్ లెక్క ఉండె. గిప్పుడు చూడుండ్రి, ఎంత కళగ ఉన్నదో. నేను గిది రెండో సీసా తింటున్న. అందరు ఫ్యామిలీతోని రావాలె." ఆయన వెనక, ఎత్తు వీపున్న మెత్తటి కుర్చీలో ఆయన భార్య హాయిగా జారగిలబడి ఖుబానీ కా మీఠా తింటోంది.

లూకా తన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ కుర్చీ వంకే చూస్తున్నాడు. "మంచి కుర్చీ," అన్నాడు.

బిక్షం గొంతు సవరించుకున్నాడు. "అది పైన గాల్ల ఉన్నప్పుడు తీసిండ్రు. గంత ఎత్తుకు పోయినంక మనిషి నోట్లకెల్లి ఏమొస్తదో మనిషికే తెల్వది."

క్యారల్ వీడియో ఆపి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. "మీ వెనక కిటికీలో బర్రె ఉంది అంకుల్. గడ్డి మేస్తోంది."

బిక్షం ఫోన్ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టుకుని చూశాడు. బర్రె నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. పక్కన చెట్టు నీడలో 'బిక్షం టెంట్ హౌస్' అని రాసిన ఆటో ట్రాలీ కూడా ఉంది.

"గీ బర్రె ఎప్పుడెక్కిందో నేను చూడనే లేదు," అన్నాడు.

"అది ఎక్కలే బిక్షమన్న," అన్నది అనసూయమ్మ, ఆయన ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుంటూ. "నువ్వే జెర దిగు."