కొబ్బరినూనె రాసిన చోక్

నిన్న సముద్రంలో పడవ పాత మోటారు స్టార్టవక, బావాబావమరుదుల కళ్లముందే ఒక పెద్ద బోటు వాళ్ల వల తెంపుకుపోయింది. ఈ పూట గిలకలదిండి రేవులో బావమరిది మోటారు మూత ఊడదీశాడు.

“బావా, లాగిన చోక్ కడ్డీ లోపలికి వెళ్లట్లేదు. పెట్రోలెక్కువై ప్లగ్గు తడిసిపోతోంది.”

“కడ్డీ మీద ఆ జిగురేంట్రా?”

“కొబ్బరినూనె. ఉప్పూ దుమ్మూ పట్టి ముద్దకట్టింది.”

“మోటారుకి తలనూనె రాసిన మొనగాడెవడు?”

“నేనే. రాయమన్నది నువ్వు. గ్రీజు దండగ, ఇంట్లో నూనె లేదా అన్నావుగా?”

బావమరిది కడ్డీని పెట్రోలుతో కడిగి, గ్రీజు రాసి తాడు లాగాడు. మోటారు ఒక్క లాగుకే అందుకుంది.

“చూశావా బావా! రేపు వేటకెళ్దామా?”

“ఆపెయ్యరా. వల లేనోళ్లకి పెట్రోలు దండగ.”