ముఖాలు లేని డేరాలు

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు ఆగినా కారు ఆగదు కాబట్టి హైదరాబాదు నుంచి కోరుట్ల వచ్చిన వీడియో కళాకారిణి నీరజ, ఫంక్షన్‌హాలులో నాలుగు వైపులా తెల్లబట్ట కట్టించి, లిబియా యుద్ధం నుంచి పారిపోయినవాళ్ళ శరణార్థి శిబిరం వీడియోను దానిమీద ఆడిస్తోంది. పనికోసం లిబియా వెళ్ళి, ఆ శిబిరంలో ఉండి బతికొచ్చిన సిరిసిల్ల రాజమౌళిని పనిగట్టుకుని పిలిపించింది. పిలవకుండానే వచ్చింది బాలలక్ష్మి.

"చెప్పులు ఇడ్వాల్నా మేడం? గుడికచ్చినమా ఏంది?"

"ఇసుక కాలికి తగలాలి, రాజమౌళి గారూ. అప్పుడే శిబిరంలో ఉన్నట్టు ఉంటుంది."

"గా శిబిరంల ఇరవై దినాలున్న. గిట్ల జల్లెడ పట్టిన ఇసుక ఎవ్వలు పొయ్యలే. గా మూలకు తిరుగుతున్నదేంది?"

"ఫ్యాను. ఎడారి గాలి కోసం."

"కూలరు గూడ పెట్టుండ్రి. సూసేటోళ్లకు చెమట పట్టొద్దు గద."

"మీకు ఎగతాళిగా ఉంది. ఢిల్లీలో ఇది చూసి జనం ఏడ్చారు తెలుసా?"

"ఏడ్సి ఏడికి వోయిండ్రు, హోటల్‌కా? ఒక్క రొట్టెకు రెండు గంటలు లైన్ల నిలవడ్డం మేడం. గా లైను ఏది? గా సండాసు వాసనేది? బయట తెలంగాణ కోసం రోడ్డు మీద వంట జేస్తున్నరు, గా పొగనన్న లోపటికి రానియ్యిండ్రి. గప్పుడు జర నిజమైతది. ...ఏంది వదినె, నువ్వెట్లచ్చినవ్? బస్సులు బంద్ గద?"

"సరుకు ఆటోల అచ్చిన. రాజమౌళీ, గీ బట్ట మన సిరిసిల్లదే. గాడ పోగు తప్పింది సూడు."

"ఔ, మన బట్ట మీద మన ఏడుపు మనకే సూపెడ్తున్నరు. పా, పోదాం."

"నిలవడు. మేడం, మనుషుల మొఖాలేయి? అన్ని చేతులు, కాళ్లే ఉన్నయి."

"ముఖాలు తీయలేదమ్మా, వాళ్ళ గౌరవం కోసం. ముఖం లేకపోతే అది అందరి బాధ అవుతుంది."

"అందరి బాధ నాకెందుకు మేడం? నాకు ఒక్క మొఖం గావాలె. మా ఆయిన గంగారాం గాడనే సచ్చిపోయిండు. గీ రాజమౌళే ఇసుకల పెట్టచ్చిండు. ఆఖర్న ఎట్లున్నడో సూద్దామని అచ్చిన."

"అయ్యో, నాకు తెలియదు. ఎప్పుడు?"

"మార్చిల మేడం, మార్చిల. గవన్ని ఇప్పుడెందుకు వదినె? పా, ఆటో పోతది."

"పోతే పోనీ. మేడం, గా చెయ్యి ఆపుండ్రి. గా డేరా బాగుజేస్తున్న చెయ్యి."

"ఇదా? చిరిగిన డేరాని సూది కూడా లేకుండా బాగు చేశాడమ్మా. ఎంత కవిత్వం ఉందో చూడండి..."

"కవిత్వం గాదు. పోగుకు పోగు ముడేస్తుండు. సాంచె మీద, గదే మరమగ్గం మీద, పోగు తెగితే గట్లనే అతుకుతరు."

"సాంచెలు నడిపినోళ్లు గాడ శానమంది ఉండిరి వదినె. అందరు గట్లనే ఏస్తరు."

"ఎడమచేత్తోటా?"

"ఏస్తరు, ఎందుకెయ్యరు..."

"బొటనేలు గోరు నడుమకు చీలి ఉంటదా? గా ఏలు సాంచెల పడ్డనాడు కట్టు కట్టింది నేనే."

"ఎల్తురు తక్కువుంది. నీకు గట్లనే కనవడ్తది."

"నువ్వు గోడ దిక్కు సూడకుండనే చెప్తున్నవ్. మేడం, గిది ఎప్పుడు తీసిండ్రు?"

"జూన్‌లో. అప్పటికి మీవాళ్ళంతా విమానాలెక్కి వెళ్ళిపోయారు. ఇతనిలా మిగిలిపోయినవాళ్ళు కొందరే."

"జూన్ల. పేరేం జెప్పిండు?"

"అడగలేదమ్మా. నాకు చేతులే..."

"పేరడుగలే, మొఖం తియ్యలే. ఇసుక మాత్రం బండి నిండ తెచ్చిండ్రు. రాజమౌళీ, నీ మాట మీద పదో దినం చేసినం. మా అత్త ముత్తవ్వ ఏడ్సుకుంట నా మెట్టెలు తీసింది. మార్చిల ఎవల్ని పెట్టచ్చినవ్ ఇసుకల?"

"ఎవల్ని పెట్టలే."

"మరి?"

"జరంతోని కండ్లు తెరుస్తలేడు. విమానానికి నా పేరు పిలిసిండ్రు. లేస్తడనుకోలే, వదినె."